పొడి అక్షరాలకు శాంతి

ఆ సోమవారం పొద్దున శ్రీకంఠ గుడగేరి వేసుకున్న పథకం చాలా చిన్నది. సాయంత్రం ఐదింటిలోగా నలభై థీసిస్‌లకు తలా నాలుగు మాటలు చేర్చాలి. మధ్యలో రెండుసార్లు టీ తాగాలి. వాన వెలిస్తే ఇంటికి వెళ్తూ మిర్చి బజ్జీలు కట్టించుకోవాలి. జూలైలో ధారవాడలో వాన వెలియటమనేది లేదు కాబట్టి బజ్జీల మీద అతనికీ పెద్ద ఆశలు లేవు.

శాల్మలా గ్రామీణ అధ్యయన పీఠంలో అతను ఇరవై రెండేళ్లుగా సహాయ గ్రంథపాలకుడు. అక్కడి థీసిస్ గది అతని ప్రాణం. రెండువందల పద్నాలుగు థీసిస్‌లు, అన్నింటికీ నల్ల అట్టలు, వెన్నుమీద బంగారు రంగు అక్షరాలు. ఏడాదికోసారి ఒక్కొక్కదాన్నీ కిందికి దించి, దుమ్ము దులిపి, ఎండు వేపాకు పెట్టి, ఎర్ర గుడ్డలో చుట్టి, మళ్లీ దాని చోట దాన్ని కూర్చోబెట్టేవాడు. అంత చేసీ వాటిలో ఒక్కదాన్నైనా తెరిచి చదివిన పాపాన పోలేదు. చదవటం పాఠకుల పని, చుట్టిపెట్టటం తన పని అని అతని లెక్క.

చిక్కల్లా ఆ పాఠకులు లేకపోవటమే. ఏడాది కిందట థీసిస్‌లన్నిటికీ ఫొటోలు తీయించి వెబ్‌సైట్లో పెట్టారు. ప్రపంచం విరగబడి చదువుతుందనుకున్నారు. ప్రపంచానికి వేరే పనులున్నట్టున్నాయి. శనివారం డైరెక్టర్ ఇందుధర బెణ్ణూర అతన్ని పిలిపించాడు.

"గుడగేరీ, శుక్రవారం ఢిల్లీ నుంచి కమిటీ వస్తోంది. మన థీసిస్‌లు కావాలని ఇప్పటిదాకా ఎంతమంది అడిగారు?"

"ముగ్గురు సార్."

"ఎవరా ముగ్గురు?"

"ఇద్దరు నేనే సార్. సరిగ్గా పనిచేస్తోందో లేదో చూద్దామని."

"మూడోవాడు?"

"అతను దారితప్పి వచ్చాడు సార్. హుబ్బళ్లి రైళ్ల టైములు అడిగాడు."

బెణ్ణూర కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "శుక్రవారం నాటికి కూడా ఇదే పరిస్థితైతే ఆ గది ఖాళీ చేయించి ధ్యాన మందిరం పెట్టిస్తా. ఆ నల్ల పుస్తకాలు కాగితం మిల్లుకు పోతాయి. తర్వాత నాకు చెప్పలేదనొద్దు."

శ్రీకంఠకు ఆ రాత్రి రొట్టె గొంతు దిగలేదు. ఆదివారమంతా మంచం మీద దొర్లాడు. సోమవారం పొద్దున్నే కంప్యూటర్ విభాగం చూసే అక్షతా ముధోళ దగ్గరికి వెళ్లి గోడు వెళ్లబోసుకున్నాడు.

"మన థీసిస్‌ల పేర్లు ఎలా ఉన్నాయో చూశారా సార్?" అంది అక్షత. "ఇదిగో, 'ఉత్తర కర్ణాటకమున పరిత్యక్త జలాశయముల సామాజిక సాంస్కృతిక పరిశీలనము'. అసలిది దేనిగురించి?"

"పాడుబడ్డ బావుల గురించి. వాటిచుట్టూ జనం చెప్పుకునే కథల గురించి. అట్టమీద చీటీలో రాసి ఉంది."

"మరి జనం వెతికేటప్పుడు పరిత్యక్త జలాశయం అని కొడతారా? దయ్యాల బావి అని కొడతారు. జనం ఏ మాటతో వెతుకుతారో ఆ మాట మనం చేర్చాలి. అప్పుడే దొరుకుతుంది. లేకపోతే బీరువాలో ఉన్నా ఒకటే, ఇంటర్నెట్లో ఉన్నా ఒకటే."

శ్రీకంఠకు ఈ మాట నచ్చింది. సాయంత్రానికి నలభై థీసిస్‌లకు జనం నోళ్లలో ఉండే మాటలు ఎక్కించాడు. బావుల థీసిస్‌కు మాత్రం చేయి కాస్త ధారాళమైంది. 'దయ్యాల బావి', 'బావిలోంచి పిలుపు', 'బావిలో గాజుల చప్పుడు' అని తొమ్మిది మాటలు చేర్చాడు. అన్నీ చేర్చి మీట నొక్కితే వెబ్‌సైట్ మొండికేసింది. రచయిత ఈమెయిల్ గడి ఖాళీగా ఉందట, నింపితే తప్ప కదలనంది.

రచయిత హొంబళ జి.ఎస్. ఆ పేరు పక్కన పుట్టిన ఏడూ ఉంది, పోయిన ఏడూ ఉంది. ప్రొఫెసర్ గురునాథ హొంబళ పోయి పదమూడేళ్లయింది. సంతాప సభలో కుర్చీలు వేయించింది శ్రీకంఠే. పోయిన మనిషికి ఈమెయిల్ ఎందుకని తల గోక్కున్నాడు గాని, గడి నిండితే గాని పని కదలదు కదా. పూర్వ విద్యార్థుల పాత పట్టీలో వెతికితే హొంబళ జి.ఎస్. అన్న పేరుకు ఎదురుగా ఒక ఈమెయిల్ కనిపించింది. అది ఎక్కించి ఇంటికి వెళ్లిపోయాడు.

ఆ వెబ్‌సైట్ పద్ధతి ఇలా ఉంటుంది. థీసిస్ కావలసినవాళ్లు పేరూ, కారణమూ రాసి పంపాలి. అది రచయితకు చేరుతుంది. రచయిత సరేనని మీట నొక్కితే థీసిస్ ప్రతి వెళ్తుంది, కావాలంటే రెండు ముక్కలు రాయవచ్చు కూడా. ఆ రాకపోకలన్నీ గ్రంథాలయం కంప్యూటర్లోనూ కనిపిస్తాయి.

మంగళవారం పదకొండు గంటలకు గదగ నుంచి ఒక విద్యార్థిని బావుల థీసిస్ కావాలని అడిగింది. శ్రీకంఠ సంతోషంతో లేచి నిలబడ్డాడు. మరుక్షణం, అడిగింది పోయిన మనిషిని కదా అని గుర్తొచ్చి కూర్చున్నాడు. బయట మబ్బు దించుకొచ్చి మిట్టమధ్యాహ్నానికే చీకటి పడింది. కరెంటు పోయింది. పావుగంట తర్వాత దీపాలు రెండుసార్లు రెపరెపలాడి వెలిగాయి. కంప్యూటర్ తెర వెలగగానే దానిమీద జవాబు ఉంది.

'ప్రతి పంపించాను. నూట పన్నెండో పుటలో బావి గుడికి పడమట అని ఉంది, తూర్పున అని దిద్దుకోండి. ఇక్కడ చీకటిగా ఉండటం వల్ల ఆలస్యమైంది. పదమూడేళ్లుగా నన్నెవరూ ఏమీ అడగలేదు. జి.ఎస్.హెచ్.'

శ్రీకంఠ దాన్ని మూడుసార్లు చదివాడు. మూడోసారి చదువుతుండగా థీసిస్ గదిలో ఏదో పుస్తకం దబ్బున పడిన చప్పుడైంది. వెళ్లి చూసే ధైర్యం అతనికి లేదు. వెళ్లకుండా ఉండే ధైర్యం కూడా లేదు. చివరికి అటెండర్ రుద్రవ్వను పంపాడు.

"ఏమీ పడలేదు సారూ," అని వచ్చి చెప్పింది రుద్రవ్వ. ఏదో పడి ఉంటేనే బాగుండేదనిపించింది శ్రీకంఠకు.

అక్షత నవ్వింది. "ఎవరో ఆటపట్టిస్తున్నారు సార్. వేరే పేరుతో మీరే ఒకటి అడగండి, తెలిసిపోతుంది."

శ్రీకంఠ ఎ. పాఠక అని పేరు రాసి, 'విజ్ఞాన నిమిత్తం' అని కారణం రాసి పంపాడు. దీపాలు ఒకసారి ఆరి వెలిగాయి. జవాబు వచ్చింది.

'మీ పేరు పాఠక కాదు. ఫారంలో నిజం రాయండి.'

ఈసారి అక్షత నవ్వలేదు. పమిట కొంగు భుజం చుట్టూ కప్పుకుని, తన విభాగంలో పనుందని వెళ్లిపోయింది. ఫారం కింద శ్రీకంఠ తన సొంత ఈమెయిలే ఇచ్చాడనీ, అందులో గుడగేరి అని ఇంత పొడుగున ఉందనీ ఇద్దరికీ తట్టలేదు. భయం పట్టిన బుర్రకు కళ్లముందున్నది కనిపించదు.

రుద్రవ్వ మాత్రం ఇవన్నీ చూసిన మనిషిలాగే ప్రవర్తించింది. "హొంబళ సారు ఆ మూడో బల్ల దగ్గరే కదా కూర్చునేవారు. ఒక్కరోజన్నా టీ లేకుండా ఉన్నారా? పదమూడేళ్లు ఎండగట్టాం ఆ మనిషిని" అంటూ గ్లాసుడు టీ తెచ్చి మూడో బల్లమీద పెట్టింది. అరగంట తర్వాత వచ్చి చూస్తే గ్లాసు ఖాళీ. రుద్రవ్వ అక్కడే నేలమీద కూలబడి దండం పెట్టింది. భయంతో గొంతు ఎండిపోయి ఏం చేస్తున్నాడో తెలియకుండా ఆ టీ తాగింది శ్రీకంఠ. ఆ సంగతి చెబుదామని నోరు తెరిచాడు గాని, అప్పటికే ఆమె కళ్లనీళ్లు పెట్టుకోవటంతో నోరు మూసుకున్నాడు.

గదగ పిల్ల కృతజ్ఞతలు చెబుదామని మళ్లీ వెబ్‌సైట్లోకి వెళ్లి, రచయిత పేరు పక్కన పోయిన ఏడు చూసింది. చూసి కేక పెట్టిందో లేదో తెలియదు గాని ఫొటో మాత్రం తీసి తన స్నేహితులందరికీ పంపింది. మంగళవారం సాయంత్రానికి తొంభైమంది థీసిస్ అడిగారు. బుధవారం పొద్దున స్థానిక పత్రికలో 'పోయిన ప్రొఫెసర్ పుట దిద్దారు' అని వచ్చింది. మధ్యాహ్నానికి లెక్క ఐదువందలు దాటింది. శ్రీకంఠ ఇరవై రెండేళ్లుగా ఎదురుచూసిన పాఠకులు ఒక్కసారిగా ఊడిపడ్డారు. ఆ అంకె చూసి అతని గుండె ఉప్పొంగింది, అదే క్షణంలో జారిపోయింది కూడా.

వచ్చినవాళ్లలో బావులు కావలసినవాళ్లు తక్కువ. ఒకాయన తాత దాచిన భూమి కాగితాలు ఎక్కడున్నాయని అడిగాడు. ఒకావిడ తన బావమరిది బుద్ధి ఎప్పుడు మారుతుందో చెప్పమంది. ప్రతి ఒక్కరికీ జవాబు వెళ్లింది.

'మీ బావమరిది ప్రస్తావన నా థీసిస్‌లో లేదు. అయిదో అధ్యాయం మాత్రం చదవండి, అందులో అలాంటివాడు ఒకడు బావిలో పడ్డాడు.'

బెళగావి నుంచి ఒక కుర్రాడు మిమ్మల్ని కలవవచ్చా అని అడిగాడు. దానికీ జవాబు వచ్చింది.

'రావచ్చు. తొందరేమీ లేదు. నేను ఇక్కడినుంచి ఎక్కడికీ వెళ్లను.'

ప్రతిసారీ అదే వరస. కరెంటు పోయేది, చీకట్లో వాన చప్పుడు తప్ప ఏమీ వినిపించేది కాదు, దీపాలు రెపరెపలాడేవి, జవాబు వచ్చేది. దీపాలు ఆరితే చాలు పఠన మందిరంలో ఉన్న నలుగురూ ఒకే బల్ల దగ్గరికి జరిగి కూర్చునేవారు. మూడో బల్ల దగ్గరికి మాత్రం కాదు.

బుధవారం మధ్యాహ్నం శ్రీకంఠ ధైర్యం కూడగట్టుకుని పీఠం వెనక వీధిలో ఉన్న హొంబళ వారి ఇంటికి వెళ్లాడు. ఆ ఇంట్లో ప్రొఫెసర్ చెల్లెలు గిరిజక్కోరు ఒక్కతే ఉంటుంది. బాలికల హైస్కూల్లో ముప్పైయేళ్లు పాఠాలు చెప్పి రిటైరైంది. ఆ ఊళ్లో పంతులమ్మలందరూ అక్కోర్లే కాబట్టి ఆమెకు ఇంటిపేరు ఒకటుందని ఎవరికీ పట్టలేదు. తలుపు తీసిన మనిషి సన్నగా, తెల్లగా, గుమ్మంలోని చీకట్లో కలిసిపోయినట్టు నిలబడింది. లోపల దండ వేసిన ఫొటోలోంచి ప్రొఫెసర్ అతన్నే చూస్తున్నాడు.

మీ అన్న పైనుంచి ఉత్తరాలు రాస్తున్నాడని డెబ్బై రెండేళ్ల మనిషికి ఎలా చెప్పటం? ఆమెకేమైనా అయితే ఆ పాపం ఎవరిది? శ్రీకంఠ నీళ్లు నమిలి, చుట్టుతిప్పి అడిగాడు.

"అక్కోరూ, సారు పోయాక ఆయన ఈమెయిల్ ఎవరైనా చూస్తున్నారా?"

"అన్నదా? లేదు తమ్మా. ఆయనతోనే పోయింది. అందులోకి వెళ్లే మాట కూడా ఆయనకే తెలుసు."

"ఇంట్లో ఇంకెవరూ ఉండరా?"

"నేనూ, ఆయనా" అని ఫొటో వైపు చూపించింది. "నువ్వెవరు?"

"గ్రంథాలయం నుంచి వచ్చాను అక్కోరూ."

ఆమె కళ్లు మెరిశాయి. "ఇన్నాళ్లకు గుర్తొచ్చామన్నమాట మీకు" అంది మెల్లగా. శ్రీకంఠకు ఆ 'మేము'లో ఎవరెవరున్నారో అర్థమైనట్టే అనిపించింది. ఆమె మరమరాల గిర్మిట్ కలిపి పెడతాను కూర్చోమంటున్నా వినకుండా, గొడుగు అక్కడే మరిచిపోయి వానలో నడిచి వచ్చేశాడు.

తిరిగి వచ్చేసరికి కంప్యూటర్లో అతనికోసం ఇంకో పిడుగు కాచుకుని ఉంది. థీసిస్ అడిగిన ఐదువందల ఎనభై ఎనిమిదో మనిషి పేరు ఇందుధర బెణ్ణూర. కారణం రాసే గడిలో డైరెక్టర్ ఇలా రాశాడు: 'పూజ్య గురువుగారికి. పన్నెండేళ్ల కిందట మైసూరు సదస్సులో నేను చదివిన వ్యాసంలో నాలుగు పుటలు మీ బావుల థీసిస్ లోనివి. నా టైపిస్టు మధ్య పుటలు కొన్ని జిరాక్సు తీసి తెచ్చాడు, నేను వాడుకున్నాను. మీ పేరు చెప్పలేదు. మీరు పోయారు కదా అనుకున్నాను. క్షమించగలరు.'

జవాబు అప్పుడే వచ్చి ఉంది. 'ఆ పుటలేవో సంఖ్యలతో సహా రాసి పంపండి. చూసి చెబుతాను.'

బెణ్ణూర స్వయంగా గ్రంథాలయానికి నడిచి వచ్చాడు. "గుడగేరీ, నేను రాసింది నువ్వు చదివావా?"

"ఏది సార్?"

"చదివావు." డైరెక్టర్ చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఆయన్ని ఇక ఊరికే వదలకూడదు. ఎల్లుండి కమిటీ. రేపు పొద్దున్నే శాంతి చేయించేద్దాం."

"మరి థీసిస్ గది సార్?"

"శాంతి జరిగాక చూద్దాం. ముందు ఆయన్ని పంపించు."

శ్రీకంఠకు అడకత్తెరలో పడ్డట్టయింది. దయ్యం ఉంటే భయం. దయ్యం పోతే అడిగేవాళ్లు పోతారు, అడిగేవాళ్లు పోతే గది పోతుంది. ఆ రాత్రి పడుకుని, హొంబళ సారు ఇంకో రెండు రోజులు ఓపిక పడితే బాగుండునని మనసులోనే మొక్కుకున్నాడు.

గురువారం పొద్దున రుద్రవ్వ మఠం నుంచి ఒక ముసలి అయ్యగారిని వెంటబెట్టుకుని వచ్చింది. ఆయన విభూతి సంచీ మూడో బల్లమీద పెట్టి, చాప పరిపించి, కళ్లు మూసుకుని కూర్చున్నాడు. బయట వాన ఆగకుండా కురుస్తోంది. కరెంటు లేదు. రెండు నూనె దీపాల వెలుగులో డైరెక్టరూ, అక్షతా, రుద్రవ్వా, శ్రీకంఠా గోడకు అంటుకుపోయి నిలబడ్డారు. అయ్యగారు కళ్లు తెరిచాడు.

"పేరు చెప్పండి."

"హొంబళ జి.ఎస్." అన్నాడు శ్రీకంఠ.

"పూర్తి పేరు కావాలి. తండ్రి పేరు కూడా చెప్పాలి."

"మా దగ్గర ఇలాగే రాసి ఉంటుంది అయ్యగారూ. ముందు ఇంటిపేరు, తర్వాత పొడి అక్షరాలు."

"పొడి అక్షరాలకు శాంతి చేయటం నాకు రాదు" అన్నాడు అయ్యగారు. "ఈ ఊళ్లో అలాంటి అక్షరాలు ఎంతమందికి ఉంటాయి? నేను పిలిస్తే వేరేవాళ్లు పలికితే ఎవరు పూచీ?"

డైరెక్టర్ శ్రీకంఠ వీపుమీద ఒక్క తోపు తోశాడు. "ఆ థీసిస్ తీసుకురా. మొదటి పుటలో పూర్తి పేరు ఉంటుంది కదా."

చీకటి గదిలోకి ఒక్కడే వెళ్లి, చేయి చాచి, అరలో తడుముకుంటూ ఆ ఎర్ర గుడ్డ మూటను తెచ్చాడు శ్రీకంఠ. మూట విప్పాడు. వేపాకులు నేలమీద రాలాయి. ఇన్నేళ్లలో మొదటిసారి ఆ నల్ల అట్ట తెరిచాడు. ఫొటోలు తీసినవాడు ముందు పుటలు దేనికని వదిలేసి మొదటి అధ్యాయం నుంచే తీశాడు కాబట్టి, ఈ పుటను ఎవరూ చూసి ఉండరు. దీపం దగ్గరికి వంగి పైకి చదివాడు.

"గిరిజా శివలింగప్ప హొంబళ."

దీపం వత్తి చిటపటమంది.

"కింద ఇంకేదో ఉంది, చదవండి సార్" అంది అక్షత.

"'ప్రతి బావి దగ్గరా తాడు పట్టుకుని నిలబడిన మా అన్న గురునాథుడికి'." శ్రీకంఠ అదీ చదివాడు.

"ఆడమనిషా?" అన్నాడు అయ్యగారు. "పోయి ఎన్నాళ్లయింది?"

"ఎవరు, గిరిజక్కోరా?" రుద్రవ్వ ముక్కుమీద వేలేసుకుంది. "నిన్న పొద్దుగూకేటప్పుడు బండి దగ్గర మెంతికూర బేరమాడుతుంటే చూశాను కదండీ. రెండు కట్టలు ఎక్కువే లాక్కుంది."

అయ్యగారు విభూతి సంచీ మూసి లేచాడు. బతికున్న మనిషికి శాంతి చేయటం మఠంలో ఎవరికీ నేర్పలేదనీ, నేర్పినా ఆ అక్కోరికి చేసే ధైర్యం తనకు లేదనీ, తన కూతురికి లెక్కలు చెప్పింది ఆమేననీ చెప్పి వెళ్లిపోయాడు.

శ్రీకంఠకు అప్పుడు అంతా గుర్తొచ్చింది. పదమూడేళ్ల కిందట, ప్రొఫెసర్ పోయిన నెలలోనే, పాత కార్డులన్నీ అతను కంప్యూటర్లోకి ఎక్కించాడు. హొంబళ జి.ఎస్. అని రెండు కార్డులు కనిపించాయి. ఒకే మనిషికి రెండు కార్డులెందుకు, ఎవరో అజాగ్రత్తగా రాసి ఉంటారని రెండూ కలిపేసి, పోయిన ఏడు వేసి, రెండో కార్డు చింపి పారేశాడు. అన్నాచెల్లెళ్లకు తండ్రి ఒక్కడే కాబట్టి రెండో అక్షరమూ ఒక్కటేనన్న ఆలోచన రాలేదు. ఆ ఏడాది చక్కగా పనిచేసినందుకు అతనికి శాలువా కూడా కప్పారు.

అందరికంటే ముందు తేరుకున్నది డైరెక్టర్. "ఆవిడ బతికే ఉందా?" అన్నాడు. మామూలుగా మనుషులు పోయారన్న కబురు విన్నప్పుడు వాడే గొంతు అది. "అంటే నేను రాసింది..."

"ఆవిడే చదివారు సార్."

బెణ్ణూర కుర్చీలో కూలబడ్డాడు. కాసేపటికి కళ్లు పైకెత్తాడు. "గుడగేరీ, విను. రేపు సాయంత్రం దాకా ఏమీ మార్చొద్దు. కమిటీకి కావలసింది అంకెలు. దయ్యం ఉందంటేనే జనం అడుగుతున్నారు. నీ గది నీకుంటుంది. ఆవిడ ఇంకొక్క రోజు అలాగే ఉంటే ఎవరికి నష్టం? పదమూడేళ్లు ఉంది కదా."

గది నిలబడే దారి అది. శ్రీకంఠకు ఆ సంగతి బాగా తెలుసు. అందుకే సాయంత్రం వెనక వీధికి నడుస్తుంటే అతని కాళ్లు బరువుగా పడ్డాయి.

అక్కోరు బల్లమీద కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. నిన్న దానిమీద గుడ్డ కప్పి ఉండటంతో అతను కుట్టుమిషన్ అనుకున్నాడు. "రా తమ్మా, నీ గొడుగు అక్కడుంది" అంది ఆమె తల తిప్పకుండా. "కరెంటు ఇప్పుడే వచ్చింది. మీదీ మాదీ ఒకటే లైను. పోయేలోపు ఇంకో నలభైమందికి రాయాలి."

"అక్కోరూ, మిమ్మల్ని నేనే చంపాను."

ఆమె కీబోర్డు మీంచి చేతులు తీసింది. "ఎప్పుడు?"

"పదమూడేళ్ల కిందట. కార్డులు సర్దుతూ." జరిగిందంతా చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఆమె ఫొటో వైపే చూస్తూ ఉంది.

"అంతకుముందు ఏడాదికి ఇద్దరో ముగ్గురో వచ్చేవారు" అంది అతను ఆపాక. "మైసూరు నుంచి ఒకమ్మాయి నోట్సు రాసుకోవటానికి రెండు రోజులు మా ఇంట్లోనే ఉంది. తర్వాత ఒక్కరూ రాలేదు. నేను బాగా రాయలేదేమో, ఇప్పటివాళ్లకు పనికిరాదేమో అనుకున్నాను. పదమూడేళ్లు అదే అనుకుంటూ ఉన్నాను."

శ్రీకంఠకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. తిట్టినా, కొట్టినా ఇంతకంటే తేలిగ్గా ఉండేది. దయ్యం కాదని తెలిశాక ఈ మనిషి ముందు నిలబడటం ఇంకా కష్టమైంది.

"ఊరుకో" అంది ఆమె. "రేపు ఎన్నింటికి మీ కమిటీ?"

శుక్రవారం ఎనిమిదింటికే గ్రంథాలయం తెరిచి శ్రీకంఠ కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. పేరు రెండుగా విడదీశాడు. అన్న పేరు కింద అన్నవి, చెల్లెలి పేరు కింద చెల్లెలివి. పూర్తి పేర్లు, తండ్రి పేరుతో సహా. చెల్లెలి పేరు పక్కన పోయిన ఏడు తీసేశాడు. తీసేస్తుంటే తన గదిని తనే ఖాళీ చేస్తున్నట్టు అనిపించింది. అయినా మీట నొక్కాడు.

కమిటీకి పెద్ద సుమిత్రా లాహిరి అనే నెరిసిన జుట్టు ఆవిడ. ఆమె తెర చూసింది, చేతిలోని కాగితం చూసింది, మళ్లీ తెర చూసింది. "మేము నిన్న రైల్లో చూసినప్పుడు ఈ పేరు పక్కన మరణించిన సంవత్సరం ఉంది. ఇవాళ లేదు. మీ దగ్గర మనుషులు ఇలా లేచి వస్తుంటారా?"

డైరెక్టర్ గొంతు సవరించుకున్నాడు. ఆయనకంటే ముందు శ్రీకంఠ మాట్లాడాడు. "నా తప్పు మేడమ్. బతికున్న మనిషిని పోయినట్టు రాశాను. జనం అడిగింది దయ్యం అనుకుని."

"అంటే ఈ పదకొండువందల నలభైమందీ?"

"దయ్యం కోసమే మేడమ్."

ఆమె పెన్ను మూత పెట్టింది. "నిజం చెప్పినందుకు సంతోషం. కాని రేపటి నుంచి ఎవరూ అడగకపోతే ఈ గది ఎందుకు మీకు? డైరెక్టర్ గారూ, ఇక్కడ ధ్యాన మందిరం అని రాశారు..."

అప్పుడు గిరిజక్కోరు వచ్చింది. తడిసిన గొడుగు మూల పెట్టి, చీర కుచ్చెళ్లు దులుపుకుని, పరిచయం చేసుకుంది. తర్వాత సంచీలోంచి మడిచిన కాగితం ఒకటి తీసి, విప్పకుండా చేత్తో పట్టుకుని డైరెక్టర్ వైపు తిరిగింది.

"అందరూ దయ్యం కోసమే అడగలేదు. బెణ్ణూర గారు నా థీసిస్ పన్నెండేళ్ల కిందటే చూశారు. కదండీ? పుటల సంఖ్యలు పంపమన్నాను, మీరింకా పంపలేదు."

డైరెక్టర్ ఆ కాగితాన్నీ, లాహిరి మొహాన్నీ, తలుపునూ చూశాడు. తలుపు దగ్గర రుద్రవ్వ టీ గ్లాసులతో అడ్డంగా నిలబడి ఉంది.

"ఆ గది ఉండి తీరాలి మేడమ్" అన్నాడు ఆయన కమిటీతో. "ధ్యాన మందిరం పొరపాటున రాసిందే. ఈ థీసిస్‌లు లేకపోతే నా పరిశోధనే లేదు."

ఆ పీఠంలో అంతటి నిజం ఆయన నోట వినటం శ్రీకంఠకు అదే మొదలు. లాహిరి ధ్యాన మందిరం అన్న మాట కొట్టేసి, పక్కన సంతకం చేసింది. అక్కోరు కాగితం మళ్లీ సంచీలో పెట్టుకుంది. సోమవారం పుటల సంఖ్యలు వచ్చాయి. నాలుగు కాదు, పదకొండు.

గది నిలిచింది. వెబ్‌సైట్లో గిరిజా శివలింగప్ప హొంబళ అన్న పేరు ఇప్పుడు ఎవరు ఎలా వెతికినా మొదటే కనిపిస్తుంది. రోజుకు మూడువందలమంది అడిగిన థీసిస్‌ను మాత్రం ఇప్పుడు వారానికి ముగ్గురు అడుగుతున్నారు. రాసినావిడ బతికే ఉంది కదా, తీరిగ్గా చదవవచ్చులే అనుకున్నట్టున్నారు జనం.